వాసెన కట్టిన రీలు

"ఆ డబ్బా నీది కాదు," అన్నాను.

"నీదీ కాదు కదా మామ్మా. మా ముత్తాతది. ఆయన తీసిన బొమ్మ," అంది మా మనవరాలు.

"తీసింది ఆయన. అందులో ఉన్నది మీ తాతమ్మ. కాబట్టి ఆవిడది."

"ఆవిడ పోయి యాభై ఏళ్లు కావస్తోంది."

"పోయినవాళ్లకిచ్చిన మాట చెల్లదని నీకు ఏ కాలేజీలో చెప్పేరే? నేను మూడో తరగతితో మానేసినదాన్ని, అంతవరకూ నాకు చెప్పలేదు."

"అది మాట కాదు మామ్మా, మొండితనం. రేపు పొద్దున్న వాళ్లు అంతదూరం నుంచి వస్తున్నారు. ఏమని చెప్పమంటావు? మా మామ్మ ఆవకాయ జాడీల పక్కన దాచింది, ముట్టుకోనివ్వడం లేదని చెప్పనా?"

"చెప్పు. అబద్ధం కాదుగా."

మా మనవరాలు అమలాపురంలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఈ ఇంట్లో నాతో అంత గట్టిగా మాట్లాడేది అదొక్కతే. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని పనసపొట్టు కొడుతున్నాను. మాట్లాడుతున్నంతసేపూ కత్తి ఆపలేదు. ఆపితే ఓడిపోయినట్టుంటుందని.

సంగతి ఏమిటంటే, మా మామగారు మాటల్లేని బొమ్మల కాలంలో, ఈ వైపున ఎవరికీ సినిమా అంటే తెలియనప్పుడు, బొమ్మ తీసిన డైరెక్టరు. ఆయన తీసిన మొదటి బొమ్మలో ఇప్పటికి మిగిలింది ఒక్క రీలు, ఆఖరిది. అది గుండ్రటి రేకు డబ్బాలో మా ఇంట్లోనే ఉంది. పాత సినిమాలు భద్రం చేసేవాళ్లకి మా మనవరాలు ఉత్తరం రాసింది, నాకు చెప్పకుండా. రీలు తీసుకెళ్లి బాగుచేసి నలుగురికీ చూపిస్తామని వాళ్లు జవాబిచ్చేరు. ఎవరికీ చూపించనని నేను మా అత్తగారికి మాటిచ్చి ఉన్నాను. తగువు ఇంతే.

మామగారి గురించి ఈమధ్య పేపర్లో వేసేరు. పుట్టుకతోనే కళ అబ్బిందని రాసేరు. మా అత్తగారు చెప్పిన ప్రకారం ఆయనకి పుట్టుకతో అబ్బింది చదువంటే బద్ధకం. లా చదవమని చెన్నపట్నం పంపితే, అక్కడ ఎవరో దొర దగ్గర కెమెరా పెట్టె మోసే పనికి కుదిరేరట. రెండేళ్లు మోసేరు. మూడో ఏడు ముక్తేశ్వరం రేవులో పడవ దిగేసరికి చేతిలో పట్టా లేదు, పెట్టె ఉంది. వాళ్ల నాన్నగారు ఆ పెట్టెని ఇంట్లోకి రానివ్వలేదు. పాముల బుట్టలాగా వారం రోజులు వీధరుగు మీదే ఉందట.

ఆ పెట్టెకి దీపం వెలుతురు చాలదు, ఎండ కావాలి. ఇంట్లో జరిగే కథకి ఎండ ఎక్కణ్ణించి తెస్తారు? ఆయన పెరటి వసారా తాటాకు కప్పు విప్పించేసేరు. ఎండ నెత్తిన కొట్టకుండా మెత్తగా దిగడానికి నాలుగు పంచెలు కలిపి కుట్టించి పైన తెరలా కట్టించేరు. గోడవైపు నీడ పోవడానికి ఇంకో రెండు పంచెలు మనుషులచేత పట్టించేరు. పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు వరకే పని. ఒక్క మబ్బు వస్తే అందరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చోవాలి. బొమ్మ పూర్తయ్యేలోపల వానలొచ్చి వసారా మట్టిగోడలు సగం కరిగిపోయేయట. తరవాత పెంకు వేసేం, ఆ తరవాత స్లాబు వేసేం. ఇప్పటికీ మేం దాన్ని పిక్చరు వసారా అనే అంటాం.

వేషాలు వేసింది పడవవాళ్లు, కొబ్బరి దింపేవాళ్లు. పెట్టెవైపు చూడకండ్రా అంటే అందరూ దానివైపే చూసేవారట. అందుకని ఒక కొబ్బరిచెట్టుకి ఎర్రగుడ్డ కట్టి, మీ బతుకంతా ఆ గుడ్డలో ఉందనుకుని చూడండి అని చెప్పేరట. తరవాత రోజుల్లో పెద్దపెద్ద బొమ్మలు తీసినవాళ్లు కార్లేసుకుని మా ఇంటికొచ్చి, ఆయన ముందు కింద చాప మీద కూర్చుని, ఆ ఎర్రగుడ్డ సంగతి అడిగి మరీ చెప్పించుకునేవారు. మనిషి మొహాన్ని ఏ పనీ చేయించకుండా అలా చూస్తూ కూర్చోవడం మాకు మీరే నేర్పేరండీ అనేవారు. నేను కాఫీలిచ్చేదాన్ని. వాళ్లు దణ్ణాలు పెట్టి వెళ్లేవారు. వసారా అలాగే కారేది.

మాటల బొమ్మలొచ్చేక ఆయన చెన్నపట్నంలో రెండు తీసి, మానుకుని వచ్చేసేరు. మాటలొచ్చేయి, ఇంక ఎవడూ మొహాలు చూడడు అన్నారట. నేను పదహారో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆయన అరవై దాటిన మనిషి. పనేమీ లేదు. పొద్దున్నే ఎండ ఏ గోడ మీద ఎంతవరకు దిగిందో చూసుకుంటూ కూర్చునేవారు.

నాకు చదవడం సరిగ్గా నేర్పింది ఆయనే. మాటల్లేని బొమ్మల్లో కథ తెలియడానికి మధ్యమధ్య అక్షరాలు చూపించేవారు. అవి రాసిన అట్టలు ఒక కట్ట అటక మీద ఉండేది. ఒక్కొక్కటి తీసి నా ముందు పెట్టి చదవమనేవారు. ఒక అట్ట మీద ఒక్క సంగతే ఉండేది. రెండు సంగతులు రాస్తే చూసేవాడికి ఒకటి పోతుందమ్మా అనేవారు. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ అట్టల పుణ్యం. ఆ అట్టల్ని తరవాత జాడీల మీద మూతలకి వాడేసింది కూడా నేనే. గట్టి అట్టలు, వృథాగా పడున్నాయి కదా అని.

ఇంక అత్తగారి సంగతి.

ఆ మొదటి బొమ్మ, గోదార్లో పడవ మునిగి మొగుడు పోయిన ఆడమనిషి కథ. ఆ రోజుల్లో మగవాళ్లే చీర కట్టి ఆడేవారు. మామగారు ఒప్పుకోలేదు. నాటకంలో దూరాన్నించి చెల్లుతుంది, నా పెట్టె మొహం దగ్గరికి వెళ్తుంది, గీసుకున్న గడ్డం కనబడుతుంది అన్నారట. ఆ వేషానికి ఆడవాళ్లెవరూ రాలేదు. ఆఖరికి పద్దెనిమిదేళ్ల పెళ్లాన్ని తీసుకొచ్చి నిలబెట్టేరు. చంకలో బిడ్డ ఉన్న మనిషి ఆవిడ అప్పటికి.

ఆఖరి రీల్లో ఆవిడ గాజులు పగలగొట్టి, బొట్టు తుడవాలి. ఉత్తుత్తికే కదా అన్నారట ఆయన. గాజులు ఉత్తుత్తివి ఎలా అవుతాయి, ఆవిడ చేతికున్నవే కదా. ముసలమ్మ వేషం వేసినావిడ గాజులు పగలగొట్టలేక వెనక్కి జరిగింది. మబ్బు వచ్చేస్తోంది. రీలు అయిపోవస్తోంది. మామగారు పెట్టె పిడి తిప్పడం తమ్ముడికి అప్పజెప్పి, తనే వెళ్లి పక్కన నిలబడి, చెయ్యి మాత్రం కనబడేలా వంగి, ఆవిడ చేతుల్ని పీట మీద కొట్టి గాజులు పగలగొట్టేరు. తడిగుడ్డతో బొట్టు తుడిచేరు. ఆ చెయ్యి ఆ రీల్లో ఉంది. వేలికి ఆయన ఉంగరం కూడా ఉంది. నేను చూసేను.

అమలాపురంలో డేరా వేసి ఆడించేరు. ఊళ్లవాళ్లు బళ్లు కట్టుకుని వెళ్లి చూసేరు. పట్నాల్లో ఎవరో మెచ్చుకున్నారట. ఇక్కడ మాత్రం, మొగుడు బతికుండగా మొగుడిచేతే బొట్టు తుడిపించుకున్న మనిషి అన్నారు. ఆ ఏడే బిడ్డ జ్వరంతో పోయేడు. నడక కూడా రాలేదు ఇంకా. ఇంక ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది. ఆ తరవాత అత్తగార్ని ఏ ఇంటికీ పేరంటానికి పిలవలేదు.

ఒకటి రెండేళ్లు కాదు, ముప్పై ఏళ్లు పైన. నేను వచ్చేక శ్రావణమాసంలో నన్ను పిలవడానికి వచ్చేవారు. గడపలో నిలబడి నాకు బొట్టు పెట్టి, పక్కనే ఉన్న ఆవిడ వైపు చూడకుండా వెళ్లిపోయేవారు. నేను వెళ్లేదాన్ని. వెళ్లననాల్సింది, అనలేదు. కొత్త కోడలిని, నాకు నలుగురూ కావలసి వచ్చేరు. కొంగులో నానబోసిన శనగలు కట్టుకుని వస్తే ఆవిడ తీసుకుని, కడిగి, పోపు వేసి అందరికీ పెట్టేది. తనూ తినేది. ఒక్క గింజ పారెయ్యలేదు ఎప్పుడూ.

మామగారికి ఇది తెలుసో తెలీదో నాకు అర్థమయ్యేది కాదు. నెలకోసారి, మబ్బులేని రోజు చూసి, అటక మీంచి ఆ డబ్బా దింపేవారు. ఆ అటక మీద ఎండి కురిడీ అవడానికి వేసిన కొబ్బరికాయలు ఉండేవి. వాటి మధ్యనే డబ్బాకి చోటు. పిక్చరు వసారాలో తెల్లగుడ్డ పరిచి, రీలు విప్పి, మళ్లీ చేత్తో చుట్టుకుంటూ వచ్చేవారు. అత్తగారు ఆ పూట పెరట్లోకి వెళ్లి కొబ్బరిపీచు కొట్టుకునేది. నన్ను కూచోబెట్టుకుని వెలుతురికి అడ్డంగా పట్టి చూపించేవారు. గోరంత బొమ్మలు, ఒకదాని కింద ఒకటి. అలా కొస నుంచి కొస దాకా చూసేను.

దీపం దాని ఛాయలకి రానిచ్చేవారు కాదు. ఒకసారి చిన్న ముక్క కత్తిరించి పెరట్లో వెలిగించి చూపించేరు. బుస్సుమని లేచింది. మీద ఇసక పోసినా అడుగున మండుతూనే ఉంది. ఇంకో మాట కూడా చెప్పేరు. "ఇది ఊపిరి పీల్చే సరుకమ్మా. మూత బిగించకు. గాలి తగలనియ్యి." ఆయ్ అన్నాను. పనిలేక ఇవన్నీ అనుకున్నాను.

ఆయన పోయినప్పుడు పదోరోజున ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చేరు. ముప్పై ఏళ్లు గడప దాటి లోపలికి రానివాళ్లు ఆవేళ మాత్రం వేళకి వచ్చేరు, గాజులు పగలగొట్టడానికి. అత్తగారు పీట మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. ఏడవలేదు. ఎవరో, ధైర్యం తెచ్చుకో అన్నారు.

"పరవాలేదండీ. ముందోసారి చేసేను కదా, అలవాటే," అంది.

ఆ తరవాత గాజుల చప్పుడే.

ఆ మర్నాడు నన్ను పిలిచి, అటక మీది డబ్బా ఎక్కడైనా దాచెయ్యమంది. కాల్చెయ్యనా అన్నాను. వద్దంది. బిడ్డ చంకలో ఉన్నప్పటి బొమ్మ కూడా అందులో ఉందిట, మొదట్లో, ఒక క్షణంసేపు. కాల్చకూడదు, ఎవరూ చూడకూడదు. "నా ముండమోపి మొహం ఈ ఊళ్లో ఎవరి కళ్లా పడకూడదు. ఒట్టెయ్యి," అంది. వేసేను.

నేను ఏ పని చేసినా గట్టిగా చేస్తాను. పాడవకుండా దాచాలంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే. డబ్బా ఎండలో పెట్టి, తడి లేకుండా తుడిచి, మూత బిగించి, మూత చుట్టూ మైనం కరిగించి పోసేను. నూనెలో ముంచిన పాతపంచె గుడ్డ పైన వేసి, ఆవకాయ జాడీకి కట్టినట్టు తాడుతో వాసెన కట్టేను. తీసుకెళ్లి జాడీల వరసలో చివర పెట్టేను. ఏటా ఆవకాయ కొత్తది వచ్చేది, డబ్బా అలాగే ఉండేది. ఎప్పుడైనా వాసెన వదులైతే మళ్లీ బిగించేదాన్ని.

ఇదంతా మా మనవరాలికి ఆ మధ్యాహ్నమే మొదటిసారి చెప్పేను. బొట్టు సంగతి, శనగల సంగతి, చేతికున్న ఉంగరం సంగతి. మా వాళ్లెవరికీ చెప్పలేదు అప్పటిదాకా. అది నేలమీద కూర్చుండిపోయింది.

"పేపర్లో ఆయన గొప్పతనమే వేసేరు మామ్మా. ఆవిడ పేరు కూడా లేదు," అంది.

"వెయ్యమని ఆవిడ అడగలేదు."

"ఆవిణ్ణి ఎవరైనా ఏదైనా అడిగేరా?"

కత్తి ఆపేను.

మళ్లీ మా మనవరాలే అంది, ఇంక బలవంతం చెయ్యనని, పొద్దున్నే ఫోన్ చేసి వాళ్లని దారిలోంచే వెనక్కి పంపేస్తానని. లేచి వెళ్లిపోయింది. పోట్లాడితే నేను కాచుకోగలను. అలా వదిలేసి వెళ్తే నాకు చేతకాదు.

పొద్దుగూకేవరకు ఆ పొట్టు ముందే కూర్చున్నాను. ఒట్టులోని మాటలు ఒక్కొక్కటే వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. ఈ ఊళ్లో ఎవరి కళ్లా పడకూడదు అంది ఆవిడ. ఏ కళ్లు? ఆ గడపలో నిలబడి నాకు మాత్రం బొట్టు పెట్టి వెళ్లినవాళ్లలో ఒక్కరు మిగల్లేదు. వాళ్ల కోడళ్లు కూడా పోయేరు. ఎవరికి కనబడకూడదో వాళ్లే లేకుండా పోయేక నేను ఎవరినుంచి దాస్తున్నాను? పైగా అందులో బిడ్డ ఉన్నాడు. వాడి ఆనవాలు ఈ భూమ్మీద అదొక్కటే. నాకు ఎనభై దాటేయి. నా తరవాత ఎవరో అది పాతసామానువాడికి వేసేస్తారు.

మనవరాల్ని పిలిచి, రమ్మను వాళ్లని అన్నాను. మూత మాత్రం నేనే విప్పుతానన్నాను. అది నా కాళ్లదగ్గర కూర్చుని మిగిలిన పనసపొట్టు కొట్టింది. సరిగ్గా కొట్టడం రాదు దానికి, నార నారగా వచ్చింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదికి కారు వచ్చింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి దిగేరు. మర్యాదస్తులు. చెప్పులు బయట విడిచి, నమస్కారమండీ అని వసారాలో కూర్చున్నారు. నేను డబ్బా తెచ్చి చాప మీద పెట్టేను. వాసెన చూసి వాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"ఇలా ఎన్నాళ్లనుంచి ఉందండీ?" అంది ఆవిడ.

"మా మామగారు పోయిన దగ్గర్నించీ. చీమంత గాలి పోలేదండీ లోపలికి," అన్నాను.

ఆవిడ చేతులకి తొడుగులు వేసుకుని, మొహానికి గుడ్డ కట్టుకుని, మమ్మల్ని వెనక్కి జరగమంది. విప్పుతానని పట్టుబట్టినదాన్ని నేనే కాబట్టి నాకూ ఒక జత తొడుగులు ఇచ్చేరు. తాడు కోసేను. గుడ్డ తీసేను. మైనం చాకుతో గీకి మూత ఎత్తేను.

కంపు కొట్టింది. లోపల రీలు లేదు. గోధుమరంగు పొడి ఉంది, మధ్యలో బెల్లప్పాకంలా ముద్ద కట్టి. అతను కర్రపుల్లతో కదిపి చూసేడు. ఎక్కడా బొమ్మ లేదు. ఒక్క గోరంత కూడా లేదు.

ఆవిడ మెల్లిగా చెప్పింది. ఈ రకం రీలులోంచి ఏదో ఆవిరి వస్తూ ఉంటుందిట. మూత వదులుగా ఉండి గాలి ఆడితే అది పోతుందిట. బిగించేస్తే ఆ ఆవిరే రీలుని తినేస్తుందిట. అయినా మీ తప్పేం లేదండీ, ఇన్నేళ్లకి ఎలా ఉన్నా పోయేదేమో అంది. ఆ చివరి మాట నా కోసం అన్నదని తెలుస్తూనే ఉంది.

కురిడీకి వేసిన కాయకి గాలి కావాలి, ఆవకాయకి గాలి తగలకూడదు. రెండూ తెలిసినదాన్ని నేను. మామగారు దాన్ని కురిడీకాయల మధ్య ఎందుకు పెట్టేరో ఒక్కనాడు ఆలోచించలేదు. ఆవకాయ కింద లెక్కవేసేను. చెప్పినప్పుడు ఆయ్ అన్నాను కూడా.

బకెట్‌తో నీళ్లడిగేరు. ఆ పొడి ఎండితే నిప్పంటుకుంటుందిట. మా మనవరాలు తెచ్చిపెట్టింది. ఆ పొడి, ముద్ద అన్నీ నీళ్లలో వేసి, వేరే డబ్బాలో పోసుకుని, పట్టుకెళ్లి జాగ్రత్తగా పారేస్తామన్నారు. మా మనవరాలు ఏడుస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"మీరు చూసేరా అండీ ఆ రీలు?" అని అడిగింది ఆవిడ.

చూసేనన్నాను. అయితే గుర్తున్నది చెప్పండి, రాసుకుంటాం, చూసినవాళ్లలో మీరొక్కరే మిగిలేరు అంది. ఫోన్ నా ముందు పెట్టేరు. ఆ వసారాలోనే కూర్చుని మొదటినుంచి చెప్పేను. ఒక అట్ట మీద ఒక్క సంగతిలాగా. ఎండ ఏ గోడమీద పడిందో, బిడ్డ ఏ చంకలో ఉన్నాడో, పీట, చెయ్యి, ఉంగరం, గాజుముక్కలు ఎటు చెదిరేయో, తడిగుడ్డ. అరగంట పట్టింది.

"బొట్టు తుడిచేక ఆవిడ మొహం ఎలా ఉందండీ?" అంది.

"అది చెప్పనమ్మా," అన్నాను.

రెండోసారి అడగలేదు. కాఫీ తాగి పదకొండింటికి వెళ్లిపోయేరు. మా మనవరాలు మొహం కడుక్కుని కాలేజీకి బస్సెక్కింది. డబ్బా అడుగు తుప్పు తినేసి చిల్లులు పడింది, అది పారేసేను. మూత బాగానే ఉంది. కొబ్బరిపీచుతో తోమి ఎండలో బోర్లించేను.